మూగనోము పట్టిన అలారం

మా ఫ్యాక్టరీలో ఆయుధపూజ ఇప్పుడు హూటర్ మోతలోనే జరుగుతుంది. పంతులుగారు హారతి పళ్ళెంతో కోల్డ్ రూమ్ దగ్గరికి రాగానే తలుపు బార్లా తెరుస్తారు. తెరిచిన కాసేపటికి గోడమీది హూటర్ చెవులు చిల్లులు పడేలా అందుకుంటుంది. మంత్రం వినపడదు, గంట వినపడదు. కొత్తగా చేరినవాళ్ళు నా వంక కొరకొరా చూస్తారు. ఈ దిక్కుమాలిన ఏర్పాటు నాదేనని వాళ్ళకు ఎవరో ముందే చెప్పి ఉంటారు. చూడనివ్వండి. ఆ మోత వినపడకపోతే నాకు ఆ పూట ప్రసాదం గొంతు దిగదు.

నేను చేసే ఉద్యోగం ఏమిటో మా అమ్మకు ఇప్పటికీ తెలియదు. మందుల కంపెనీలో కంప్యూటర్లను వ్యాలిడేట్ చేస్తానంటే, "బాగుచేస్తావా?" అంటుంది. కాదు, బాగున్నవాటిని పట్టుకుని సతాయిస్తాను. మందు తయారయ్యే చోట అడుగడుగునా ఒక కంప్యూటర్ కాపలా ఉంటుంది. అది చూపించే వేడీ చల్లదనం నిజమేనా, ఎల్లప్పుడూ నిజమే చెబుతుందా, తేడా వచ్చినప్పుడు నోరు విప్పుతుందా అని పరీక్షలు పెట్టి, రుజువు చేసి, కింద సంతకం పెట్టాలి. అందుకని వైర్లు పీకుతాను, కరెంటు తీయిస్తాను, కావాలని తప్పు పాస్‌వర్డులు కొడతాను. అనుమానం పెనుభూతమంటారు గాని, మాకు అదే బతుకుతెరువు. ఫ్యాక్టరీలో నా వెనకాల నన్ను 'అనుమానం మేడం' అంటారని తెలుసు. ఎదురుగానే అనమన్నాను, ఎవరికీ ధైర్యం చాల్లేదు.

నిశ్శబ్దమంటే నాకు చిన్నప్పటి నుంచీ పడదు. చల్లపల్లి దగ్గర నేతపని మీద బతికిన ఇల్లు మాది. పొద్దున లేచింది మొదలు నాన్న మగ్గం చప్పుడు వింటూ పెరిగాం నేనూ, చెల్లీ. ఆ చప్పుడు ఉన్నంతసేపూ ఇంట్లో అంతా సవ్యంగా ఉన్నట్టే. ఉన్నట్టుండి ఆగిందంటే అమ్మ పొయ్యిమీది గిన్నె దించి మరీ వెళ్ళి చూసేది. పోగు తెగిందా, ఆయనకు కళ్ళు తిరిగాయా? ఏమీ కాక నాన్న మగ్గం గుంటలోనే కూర్చుని తాపీగా చుట్ట కాలుస్తుంటే, "చెప్పి ఆగొచ్చుగా!" అని కసిరేది. నాకు అమ్మ పోలికే వచ్చింది.

ఈ హూటర్ ఏర్పాటుకు కారణమైన ఏడు, కార్తీకంలో చెల్లి నెలలు నిండి పుట్టింటికి వచ్చి ఉంది. కాన్పు చల్లపల్లిలో ఒక నర్సింగ్ హోమ్‌లో అనుకున్నాం. మా కంపెనీలో తయారయ్యేవాటిలో ఒక సూదిమందు ఉంది. కాన్పయ్యాక రక్తం ఆగడానికి ఇస్తారు. చిన్న గాజు గొట్టాల్లో నీళ్ళలా ఉంటుంది. ఆ నీళ్ళే ఆగకుండా పోయే ప్రాణాన్ని పట్టి ఆపుతాయి. చల్లగా ఉంచినంతకాలమే దానికి ఆ బలం. వేడి తగిలితే రంగు మారదు, వాసన రాదు, చూడ్డానికి అలాగే ఉంటుంది, బలం మాత్రం పోతుంది. నర్సింగ్ హోమ్‌లో చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు చెల్లి అక్కడి ఫ్రిజ్‌లో మా కంపెనీ పెట్టె చూసిందట. ఫోన్ చేసి, "నాకూ మీ మందే అక్కా. నీ సంతకం ఉందా దాని మీద?" అని ఆటపట్టించింది. "నా సంతకం ఉంటే నీకు నొప్పులు కూడా రావు పో," అన్నాను.

ఆ మందు పెట్టెలన్నీ బయటికి వెళ్ళేదాకా ఉండేది కోల్డ్ రూమ్‌లో. మనిషి నడిచి తిరగగలిగేంత పెద్ద ఫ్రిజ్ అనుకోండి. దానికి కాపలా ఉన్న కంప్యూటర్‌ను అప్పుడప్పుడు మళ్ళీ పరీక్షించడం ఆనవాయితీ. ఆ ఏడు ఆ పని నా వంతుకు వచ్చింది. పొద్దున్నే కోల్డ్ రూమ్ వైపు వెళుతుంటే ప్లాంట్ హెడ్ గారు ఎదురుపడ్డారు. మనిషి మంచి హుషారు మీద ఉన్నారు.

"ఈసారి మీకేం పని దొరకదండీ. దసరా నుంచీ ఒక్క అలారం కూడా రాలేదు. అంతా అమ్మవారి దయ," అన్నారు.

నవ్వి, నడక వేగం పెంచాను. ఆ గదికి రోజూ పెట్టెలు ఎక్కిస్తారు, దించుతారు. లోడింగ్ వాళ్ళు తలుపు తెరిచిపెట్టి కబుర్లాడతారు. హూటర్ వాళ్ళను రోజుకోసారైనా తిట్టకుండా ఉండదు. దసరా నుంచీ మా వాళ్ళందరూ అంత బుద్ధిమంతులైపోయారంటే నమ్మడానికి అమ్మవారి దయ ఒక్కటే చాలదు.

మెయింటెనెన్స్ ఇన్‌ఛార్జి గారిని తోడు రమ్మన్నాను. దివిసీమ రైతు కుటుంబం ఆయనది, ఇప్పుడు భవానీపురంలో ఉంటున్నారు. నెమ్మదస్తుడు, దైవభక్తి మెండు. కంప్యూటర్ పైఅంచున దసరానాటి కుంకుమబొట్టు ఎండి, పగుళ్ళు ఇచ్చి ఉంది. నేను గదిలోంచి వేడిని కొలిచే సెన్సార్‌ను ఊడదీసి, క్యాంటీన్ నుంచి తెచ్చిన గోరువెచ్చటి నీళ్ళ గ్లాసులో ముంచాను. పరీక్ష ఇంతే. అంకె పెరగాలి, ఎనిమిది డిగ్రీలు దాటగానే తెర ఎర్రబడాలి, హూటర్ మోగాలి, నలుగురి ఫోన్లకు మెసేజ్ వెళ్ళాలి.

అంకె పెరిగింది. ఆరు, ఏడు, ఎనిమిది. ఎనిమిది దాటింది. పది దాటింది. పచ్చగా, ప్రశాంతంగా పెరుగుతూనే ఉంది. హూటర్ గోడమీద చచ్చిన బల్లిలా అతుక్కుని ఉంది.

"నెట్‌వర్క్ స్లోగా ఉంటదండీ ఒక్కోసారి. కాసేపు చూద్దాం, మోగుద్ది," అన్నారు ఇన్‌ఛార్జి గారు.

చూశాం. కంప్రెసర్ గుర్రుమనడం తప్ప ఇంకో చప్పుడు లేదు. ఇరవై దాటిన అంకెను చూస్తూ నిలబడ్డాను. పక్కకు తిరిగితే ఆయన చూపు అంకె మీద లేదు, ఆ ఎండిన బొట్టు మీద ఉంది.

"మేడమ్," అన్నారు, "మ్యూట్‌లో ఉందండీ."

తర్వాత ఆయన చెప్పిందంతా విన్నాను. చాలా ఏళ్ళ కిందట ఒక ఆయుధపూజ నాడు హారతి ఇవ్వడానికి తలుపు తెరిస్తే సరిగ్గా మంత్రం మధ్యలో హూటర్ మోగిందట. పంతులుగారు ఉలిక్కిపడితే హారతి కొండెక్కింది. ఆ ఏడే యజమానిగారికి గుండె ఆపరేషన్ అయింది. ఇక చెప్పాలా? అప్పటి నుంచి పూజకు ముందు ఈయన తన పాస్‌వర్డుతో అలారాలను మ్యూట్ చేయడం, మర్నాడు విప్పడం అలవాటయింది. ఎవరూ ఎక్కడా రాయలేదు గాని అందరికీ తెలుసు. నాకు తప్ప.

"మర్నాడెందుకండీ? హారతి అవ్వగానే తియ్యొచ్చుగా?" అని అరిచాను. నిజంగానే అరిచాను.

"పూజ చేసిన పనిముట్టుని ఆ రోజు ముట్టుకోకూడదు కదమ్మా. కంప్యూటర్‌కి కూడా బొట్టు పెట్టాంగా. దశమి పొద్దున అక్షింతలేసి, కదిపి, అప్పుడు తీస్తాను ఏటా. ఈసారి దశమి నాడు మా వైపు రోడ్లన్నీ కట్టేశారు, తెప్పోత్సవం జనం. రాలేకపోయా. తర్వాత తుఫానన్నారు, రేకులు కట్టుకోవడాలు, మోటార్లు పైకెత్తడాలు. ఇది మనసులోంచి జారిపోయింది."

ఆయన్ని తిట్టబోతే నాన్న గుర్తొచ్చాడు. మా ఇంట్లో కూడా ఆ రోజు మగ్గానికి పసుపు రాసి, బొట్లు పెట్టి, ఇక మర్నాటి దాకా తాకరు. నాన్న ఆ గుంట అంచున కూడా కూర్చునేవాడు కాదు. ఆ మనిషి స్థానంలో నాన్న ఉన్నా ఆ కీబోర్డు ముట్టుకునేవాడు కాదు. నా కోపమంతా ఆ సాఫ్ట్‌వేర్ మీదికి మళ్ళింది. మ్యూట్ చెయ్యమంటే చేసింది. ఎంతసేపు అని అడగలేదు. గంట గడిచింది, రోజు గడిచింది, విప్పమంటారా అని గుర్తుచెయ్యలేదు. మొదట్లో దీన్ని పరీక్షించినవాళ్ళు మూగనోము పట్టగలదా అని చూశారు, పట్టింది, పాస్ అన్నారు. నోము తీరుతుందా అని ఎవరికీ తోచలేదు.

అంతవరకూ అయితే తిట్టుకుని సరిపెట్టుకునేదాన్ని. హూటర్ మూగబోయిన ఆ రోజుల్లో లోపల ఏం జరిగిందో చూడాలి కదా. దసరా నుంచి గది వేడి ఎలా ఉందో తెరమీద గీతగా తెప్పించాను. గీత చాలాదూరం చదునుగా సాగింది. తుఫాను రోజుల దగ్గరికి వచ్చేసరికి లేచింది. లేచి, పైనే ఉండిపోయి, చాలాసేపటికి దిగింది. ఎద్దు మూపులా ఉంది.

ఏం జరిగిందో ఊహించడానికి తెలివితేటలేమీ అక్కర్లేదు. తుఫానుకు కరెంటు లైను పోయింది. ఫ్యాక్టరీకి సెలవిచ్చారు. జనరేటర్ అందుకుంది, దీపాలు వెలిగాయి, కంప్యూటర్ వెలిగింది, ఈ గది కంప్రెసర్ మాత్రం లేవలేదు. వాన వెలిశాక కాసిన ఎండకు గది ఉడికింది. లైను వచ్చాక కంప్రెసర్ తనంతట తానే లేచి పని చేసుకుంది. సెలవు అయిపోయి జనం వచ్చేసరికి గది ఎప్పటిలా చల్లగా ఉంది. కంప్యూటర్ అంతా చూసింది, చెప్పలేదు.

ఆ తర్వాత ఆ గదిలోంచి పెట్టెలు బయటికి వెళ్ళాయి. ఎక్కడికి అని అడిగితే స్టోర్స్ నుంచి ఫోన్లో చెప్పారు. గుడివాడ, అవనిగడ్డ, చల్లపల్లి.

వెంటనే ప్లాంట్ హెడ్ గారిని పిలిపించాను.

ప్లాంట్ హెడ్ గారు గీత చూసి పెదవి విరిచారు. "సెన్సార్‌కేమైనా పిచ్చెక్కిందేమో చూడండి ముందు. ఒకవేళ నిజమే అయినా మందు అంత తొందరగా పాడవదు. శాంపిల్స్ ల్యాబ్‌కి పంపిద్దాం. రిపోర్ట్ రానివ్వండి. తొందరపడి గోల చేస్తే కంపెనీ పేరు బజారున పడుద్ది."

"గోల చెయ్యడం అలారం పని సార్. అది చెయ్యలేదు కాబట్టి నేను చేస్తున్నాను," అన్నాను. "రిపోర్ట్ వచ్చేలోపల కాన్పులు ఆగుతాయా? మా చెల్లి ఇవాళో రేపో అన్నట్టుంది. ఆ ఫ్రిజ్‌లో మన పెట్టె ఉంది."

ఆయనకీ ఆడపిల్లలున్నారు. ఫోన్ తీసి, ఆ పెట్టెలు అందుకున్న ప్రతి చోటికీ వాడకం ఆపమని తానే కబురు చేయడం మొదలుపెట్టారు. ఆ మాటకొస్తే చెడ్డమనిషి కాడు. మంచి వార్తలు వినడం అలవాటైన మనిషి.

చల్లపల్లి నర్సింగ్ హోమ్‌కు నేను చేశాను. మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ చేశాను, మళ్ళీ మోగింది. చెల్లికి చేస్తే వెంటనే ఎత్తింది. "పొద్దుట్నుంచీ నడుం లాగేస్తోందక్కా. అమ్మ కషాయం పెట్టింది. తగ్గకపోతే సాయంత్రం వెళ్దామంటోంది," అంది. గొంతులో భయం లేదు. మందు సంగతి చెప్పి బెదరగొట్టలేక, ఆ భయం కూడా నేనే పడ్డాను.

పటమటలో బస్సెక్కాను. తుఫాను వెళ్ళిపోయి రోజులు గడిచినా ఉయ్యూరు దాటాక రోడ్డుకు రెండు పక్కలా చేలు నేలకు ఒరిగే ఉన్నాయి. కోతకు వచ్చిన వరి నీళ్ళలో నాని, కంకి మీదే మొలకలెత్తింది. కిటికీలోంచి కుళ్ళు వాసన. మోకాలిలోతు నీళ్ళలో దిగి మనుషులు పడిపోయిన దుబ్బులను లేవదీసి కట్టలు కడుతున్నారు. కట్టి నిలబెట్టిన చోట దూరం నుంచి చూస్తే చేను పచ్చగానే ఉంది, బస్సులో నా పక్కనున్న ఆవిడ "ఈ ముక్క బాగానే మిగిలింది" అంది కూడా. దగ్గరికి వెళ్ళి కంకి చేత్తో పట్టుకుంటే గాని తెలియదు. దారి పొడుగునా నర్సింగ్ హోమ్‌కు ఫోన్ చేస్తూనే ఉన్నాను. పామర్రు దగ్గర ఒకసారి ఎవరో ఎత్తారు, నేను హలో అనేలోపల కట్టయింది.

నేను చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. వీధిలో గడపల ముందు కార్తీకదీపాలు. నర్సింగ్ హోమ్ బయట బెంచీ మీద అమ్మ ఒక్కతే కూర్చుని ఉంది, ఒళ్ళో చెల్లి చెప్పులు.

"ఇప్పుడే లోపలికి తీసుకెళ్ళారు. నీకెవరు చెప్పారే?" అంది.

నేను ఆగలేదు. కాన్పుగది పక్కన మందుల ఫ్రిజ్ దగ్గర నర్సు ఉంది. ఒకే ఒక్క నర్సు, ఫోన్ ఎందుకు ఎత్తలేదో అర్థమైంది. నేనెవరో చెప్పి, మా కంపెనీ పెట్టె తియ్యమన్నాను. నా ముఖం చూసి ఏమీ అడగకుండా తీసింది. అట్ట మీద బ్యాచ్ నెంబర్ చదివాను. అదే.

"ఇది వాడొద్దండీ. వేరే కంపెనీది తెప్పించండి. కొట్టు ఎక్కడ?"

"ఎదురుగానే," అంది. నేనే పరుగెత్తాను. ఐస్ ముక్కల మధ్య పెట్టించుకుని వేరే మందు తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాను. కాన్పుగది తలుపు మూసుకుంది.

ఆ తలుపు ముందు నిలబడ్డ కాసేపు నేను జీవితంలో మర్చిపోను. లోపలి నుంచి చెల్లి కేకలు వినపడినంతసేపూ బాగానే ఉన్నాను. ఒక చోట ఆగిపోయాయి. అమ్మ చేతిలో చెప్పులు కింద పడ్డాయి. తర్వాత పిల్ల ఏడ్చింది. చాలాసేపటికి డాక్టరమ్మ బయటికి వచ్చి, "ఆడపిల్ల. తల్లికి బ్లీడింగ్ కూడా ఆగింది, భయంలేదు," అంటే అమ్మ దండం పెట్టింది. నేను గోడ వైపు తిరిగి వెక్కివెక్కి ఏడ్చాను.

కళ్ళు తుడుచుకున్నాకే గుర్తుకొచ్చింది, నా చేతిలో ఇంకా మా పెట్టె ఉంది. వెనక్కి తీసుకువెళ్ళాలి కదా అని సంచీలో పెట్టబోతే తేలిగ్గా అనిపించింది. తెరిచాను. పెట్టె అప్పటికే విప్పి ఉంది. లోపల గాజు గొట్టాలు కూర్చునే గళ్ళు కొన్ని ఖాళీ.

తర్వాతి రోజుల్లో పెట్టెలన్నీ ఎక్కడెక్కడి నుంచో తిరిగొచ్చాయి. ల్యాబ్ రిపోర్ట్ వచ్చింది. మందుకు ఉండవలసిన బలం లేదు. ఇన్‌ఛార్జి గారు రాజీనామా రాసుకొచ్చారు, ప్లాంట్ హెడ్ గారు తీసుకోలేదు. సాఫ్ట్‌వేర్ మార్పించాం. ఇప్పుడు మ్యూట్ చేస్తే కాసేపటికే దానంతటదే విడిపోతుంది. అది విడిపోతుందా లేదా అని నేను పరీక్షించి మరీ సంతకం పెట్టాను. అది చాలదని ఆయుధపూజకు అసలు మ్యూట్ చెయ్యడమే మాన్పించాను. పై అధికారులకు చెప్పడాలు, విచారణలు, జరగవలసినవన్నీ జరిగాయి. చివరి మీటింగ్ అయ్యాక ప్లాంట్ హెడ్ గారు కుర్చీలో వెనక్కి వాలి, ఊపిరి పీల్చుకుని అన్నారు.

"గండం గడిచిందండీ. ఇంత జరిగినా ఒక్క కంప్లైంట్ కూడా రాలేదు. అంతా అమ్మవారి దయ."

కార్తీకంలో ఆ పొద్దున ఎదురుపడినప్పటి గొంతే. ఆ హుషారే. అందరూ కాఫీలు తాగుతున్నారు. ఎవరికీ ఏమీ వినపడలేదు, అందుకని ఏమీ జరగలేదు.

ఆ వారంలోనే చెల్లిని, పాపను చూపించడానికి మళ్ళీ ఆ నర్సింగ్ హోమ్‌కు వెళ్ళాం. చెల్లి డాక్టరమ్మ గదిలో ఉండగా నేను నర్సు దగ్గరికి వెళ్ళాను. అడగకుండా ఉండటం నాకు చేతకాదు.

"ఆ పెట్టెలోవి వాడినవాళ్ళందరూ బాగానే ఉన్నారా అండీ?"

ఆవిడ ట్రేలో కత్తెరలు సర్దుతోంది. సర్దుతూనే చెప్పింది. "అందరూ నడిచే వెళ్ళారండీ. ఒకావిడకే రక్తం ఆగలేదు. లంకల వైపు మనిషి, రెండో కాన్పు. ఎన్నిచ్చినా ఆగలేదు. డాక్టర్ గారు అంబులెన్స్ పిలిపించి విజయవాడ పంపించేశారు. మీ చెల్లెలుగారు రావడానికి కాస్త ముందే. మేమంతా ఆ హడావిడిలోనే ఉన్నాం, ఫోన్ కూడా ఎత్తలేదు."

నేను బస్సులో వస్తున్నప్పుడు ఆ అంబులెన్స్ నాకు ఎదురే వచ్చి ఉండాలి. గుర్తు చేసుకోవాలని ఎంత ప్రయత్నించినా ఏ సైరనూ గుర్తు రాలేదు. చెవి దగ్గర ఫోన్ పెట్టుకుని ఉన్నాను.

"మందు వల్లే అంటారా?"

"కొందరికి మంచి మందిచ్చినా ఆగదండీ. ఎవరు చెప్పగలరు?"

"తర్వాత ఏమైంది ఆవిడకి? కబురేమైనా తెలిసిందా?"

ఆవిడ మొదటిసారి తలెత్తి నా వంక చూసింది. "మాకెలా తెలుస్తదండీ? బాగుంటే మళ్ళీ మా దగ్గరికి రారు. బాగోకపోయినా రారు."

ట్రే తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.